ఇంటికి ఫోన్ చేసేంత చార్జింగ్

తమ్మీ యాదగిరీ,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. ఎల్బీ నగర్ దీక్షా శిబిరంల మళ్ల గదే నాయకుడు మైకు పట్టి, "ఫోన్లు తీయున్రి, నా ప్రసంగమంత రికార్డు చేసి ఊర్లకు పంపున్రి" అన్నడు.

నిరుడు నువ్వట్లనే గంటన్నర రికార్డు చేసి బ్యాటరీ మొత్తం అయిపోగొట్టినవు. బంద్‌ల బస్సుల్లేక నడిచొస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ కాడ గుండెనొప్పి లేచింది. చేతిల ఫోన్ ఉన్నా నాకు చెయ్యలేకపోయినవు.

నేను లేచి అరిచిన: "ముందు ఇంటికి ఫోన్ చేసేంత చార్జింగ్ ఉంచుకోండ్రి!"

"ఏందక్కా, ఉద్యమం కంటే బ్యాటరీ ఎక్కువనా?" అని నాయకుడు మైకులనే అడిగిండు.

"ఉద్యమం కంటే కాదు, నీ ఉపన్యాసం కంటే ఎక్కువ!"

సగం ఫోన్లు జేబుల్లకు పోయినయి.

నీ ఫోన్‌కు మాత్రం నేనింక చార్జింగ్ పెట్టలె. పెట్టినా అండ్ల నీ గొంతు లేదు, గంటన్నర గాయన గొంతే ఉన్నది.

మీ అక్క