శత్రువు తరఫున మాట్లాడించిన కాలేజీ

బావగారికి,

ప్రభువు కృప మీ ఇంటిల్లిపాదికీ ఉండుగాక.

అంతర్జాతీయ సంబంధాలు, భద్రత చదవడానికి మీ మేనకోడలు మీరు చెప్పిన పెద్ద కాలేజీని కాదని, ఎవరికీ తెలియని చిన్న కాలేజీని ఎంచుకుంది. కోప్పడే ముందు ఇది చదవండి.

నేనూ పెద్దదే మంచిదనుకున్నాను. మొన్న చర్చిలో నా ప్రసంగం మధ్యలో ఆ కాలేజీ పేరు ప్రకటించేశాను కూడా. ఇంటికొచ్చాక అమ్మాయి నిలదీసింది.

"నన్నడక్కుండా మైకులో చెప్పేశావేంటి నాన్నా? రెండూ చూసొచ్చింది నేను కదా! ఆ పెద్దదాంట్లో గోడల మీద గొప్పవాళ్ళ ఫొటోలు చూపించారు. ఈ చిన్నదాంట్లో ఒక సరిహద్దు తగాదా చేతికిచ్చి, నాకు గిట్టని దేశం తరఫున మాట్లాడమన్నారు. చెమటలు పట్టేశాయి. నాకేం రాదో అప్పుడే తెలిసింది."

బావగారూ, శత్రువును ప్రేమించమని ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. వాడి తరఫున ఒక్క పూట మాట్లాడి చూడమని ఎవరికీ చెప్పలేదు, నేనూ చూడలేదు.

వచ్చే ఆదివారం అందరి ముందూ నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గర్వం పాపమని బోధించేవాణ్ణే, కూతుర్ని చూసి కలిగిన ఈ గర్వాన్ని మాత్రం దాచుకోలేను. మీరు తప్పక రావాలి. వచ్చి, అమ్మాయి పక్కనే కూర్చోవాలి.

మీ బావమరిది