అద్దె కాగితం మీద సంతకం

చిట్టితల్లికి నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. ఈసారి ఆ మాట అలవాటు కొద్దీ కాదు, నిజంగానే రాస్తున్నాను. కొత్త ఉద్యోగం, హాస్టలు తిండి నీకు పడుతున్నాయనే తలుస్తాను.

నీ ఉత్తరం అంది నెల కావస్తోంది. జవాబు రాయనందుకు అమ్మ నన్ను సాధిస్తూనే ఉంది. ముందు నువ్వడిగినవన్నీ చెప్పేస్తాను. నా మోకాలు ఫరవాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు పేచీ లేదు, దిగేటప్పుడే మొరాయిస్తోంది. అమ్మ కళ్లద్దాలు మార్చుకుంది. ఇప్పుడు నా చొక్కా మీద మరకలన్నీ ఆవిడ కంట పడుతున్నాయి, నా ప్రాణానికి అదొకటి. నీ పుస్తకాల పెట్టె భద్రంగా ఉంది. కోర్టు నుంచి సామాను రాసుకోవడానికి వచ్చినాయన దాన్ని తెరిచి, పై పుస్తకం తిరగేసి, మళ్లీ మూసేశాడు. నా సుత్తి, సూదులు, పెద్ద కత్తెర, కుట్టుమిషను కూడా ఒక పక్కకు జరిపాడు. "ఇవి మీ పనిముట్లు. వీటి జోలికి ఎవరూ రారు. రేపట్నుంచి బతకాలి కదా," అన్నాడు. ఆ మాటకి అమ్మ లోపలికెళ్లి ఆయనకు టీ పెట్టి తెచ్చింది.

ఆ కుట్టుమిషనే ఇప్పుడు మమ్మల్ని నిలబెడుతోంది. బస్సు డిపోలో సీట్లు బాగుచేసే పని దొరికింది. సోఫాలకీ కుర్చీలకీ మెత్తలు కట్టినవాడికి బస్సు సీటు ఒక లెక్కా అనుకున్నాను కానీ, తల్లీ, దాని తీరే వేరు. కిటికీ పక్క సీటు ముందు అంచున చిరుగుతుంది, నడవ పక్కది మూల దగ్గర చిరుగుతుంది. డ్రైవరు సీటు మాత్రం నడుము దగ్గర కుంగిపోతుంది. వాళ్ల కోసం వెనక ఒక పొర ఎక్కువ వేస్తున్నాను. ఎవరూ అడగలేదు. ఒక డ్రైవరు వచ్చి, "ఇన్నాళ్లకు నా నడుముకి సెలవు దొరికింది బాబాయ్," అన్నాడు. జీతం వారం వారం ఇస్తారు.

ఇల్లు దొరికిందా అని మూడుసార్లు అడిగావు. దొరికింది. ఎలా దొరికిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ హోటలు వాళ్లు హాలుకంతా కుర్చీలు చేయించుకుని, డబ్బు ఇవ్వకుండానే తలుపులు మూసేశారని, ఆ దెబ్బకి నేను దివాలా పిటిషన్ వేశానని నీకు తెలుసు. షాపుతో పాటు షాపు మీద ఇల్లూ పోయింది. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. చేతిలో మూడు వారాలున్నాయి. మొదటి ఇంటాయనకు మేము బాగా నచ్చాం. తీరా కోర్టు సంగతి చెప్పాక, "మా అబ్బాయిని అడిగి చెబుతానండి," అన్నాడు. ఆ అబ్బాయి ఇప్పటికీ ఏమీ చెప్పలేదు. రెండో చోట హఠాత్తుగా వాళ్ల చుట్టాలెవరో దిగబోతున్నారట. మూడో ఆవిడ గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేసింది.  వీధి మలుపు తిరిగాక అమ్మ, "ఆ గేటుకి రంగు వేయించి ఎన్నేళ్లయిందో," అంది.

నాలుగో ఇల్లు నేనొక్కణ్ణే చూశాను. అచ్చాఫీసు వెనక మేడ మీద రెండు గదులు. వంటింటి కిటికీ పెద్దది. కింద రిటైరైన లెక్కల టీచరు ఒక్కరే ఉంటారు, ఇల్లు ఆవిడదే. చూడగానే అమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి ఉన్నట్టే అనిపించింది.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టేశాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఇకపైన రాయబోయేది రాయలేకే ఇన్నాళ్లు ఆగాను.

ఆ ఇల్లు చూపించిన బ్రోకరు నాతో, "కేసు సంగతి ఎత్తకండి. అమ్మాయికి ఉద్యోగం వచ్చిందన్నారుగా, పూచీ కింద ఆ అమ్మాయి సంతకం చూపించండి. ఊళ్లో లేదా, మీరే గీకేయండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. నేను గీకేశాను, తల్లీ. అద్దె కాగితం మీద నీ సంతకం నేను పెట్టాను. చిన్నప్పుడు షాపులో రెక్సిను ముక్కల మీద సుద్దతో నువ్వు సంతకం నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి. అందుకే ఒక్క వంకరైనా లేకుండా వచ్చింది. అంత బాగా వచ్చినందుకే దాన్ని రెండోసారి చూడలేకపోయాను. అయినా ఆ కాగితం టీచరుగారికి ఇచ్చేశాను. రేపొచ్చి తాళం తీసుకోమన్నారు.

ఇంటికెళ్లి అమ్మకు ఇల్లు దొరికిందని చెప్పాను. ఎలా ఇచ్చారని అడిగింది. చెప్పాను.

"రేపు మనం అద్దె కట్టలేకపోతే ఎవర్ని పట్టుకుంటారు?" అంది.

"అమ్మాయిని."

"దానికి తెలుసా?"

నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను.

"మన పేరు పోయింది, పోనీ. దాని పేరు దానిదండీ. వాడుకోవడానికి అది మన సామాను కాదు," అంది. అంతే, ఆపైన రెండు రోజులు నాతో పలకలేదు.

మర్నాడు పొద్దున్నే కోర్టు కాగితాలన్నీ పట్టుకుని టీచరుగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ తాళంచెవి చేతికివ్వబోయారు.

"వద్దండీ. ఆ కాగితం మీద సంతకం మా అమ్మాయిది కాదు. నేను పెట్టాను. తనకసలు తెలియదు. నా మీద దివాలా కేసు నడుస్తోంది, అదీ మీ దగ్గర దాచాను," అన్నాను.

ఆవిడ తాళంచెవి బల్ల మీద పెట్టేశారు. కోర్టు కాగితాలు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. నాకు కాళ్లు లాగుతున్నాయి గానీ కూర్చోమనలేదు.

"జీతం ఎప్పుడిస్తారు?" అన్నారు చివరికి.

"ప్రతి శనివారం."

"నెలాఖరుకి చేతిలో ఏమైనా మిగులుతుందా?"

"ఈ రోజుల్లో లేదండీ."

"వారానికోసారి జీతం వచ్చేవాణ్ణి నెలకోసారి అద్దె కట్టమంటే లెక్క కుదరదు. శనివారం శనివారం ఇవ్వండి. అడ్వాన్సు వద్దు. వరసగా రెండు శనివారాలు తప్పితే మాత్రం ఖాళీ చేయిస్తాను, నాకు మొహమాటం లేదు."

"నన్నింకా నమ్ముతున్నారా అండీ?"

"ఇప్పుడే ఏం చెప్పను? మూడు నెలలు చూశాక చెబుతాను," అని పాత కాగితం నా చేతికిచ్చారు. "దీన్ని మీరే చింపండి."

చింపాను. ఇంకో కాగితం తీసి, పూచీదారు అని ఉన్న చోట స్కేలు పెట్టి తిన్నగా గీత కొట్టేసి, నా సంతకం తీసుకున్నారు.

ఇప్పటికి మూడు శనివారాలు గడిచాయి, మూడూ కట్టాను. ఏడాది తిరిగేసరికి పాత అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఉత్తర్వు రావచ్చని వకీలు అంటున్నాడు. నాతో పలకడం మానేసిన మూడో రోజున అమ్మ, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. సరిపోలేదు గానీ సరిపోయిందన్నాను. ఆ కాగితం చింపాక నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

జీతంలో సగం పంపుతానన్నావు. వద్దమ్మా. నీ దగ్గర అడక్కుండా తీసుకున్నది చాలు. నా మీద కోపం వస్తే కోపంగానే రాయి, చల్లారేదాకా ఆగకు. నేను చదువుతాను.

కొత్త చిరునామా కవరు వెనక రాశాను. కవరు మీద నా పేరే రాయి. టపా మనిషి కింద టీచరుగారిని అడిగినా చెబుతారు, ఈ ఇంటి అద్దె కాగితం నా పేరు మీదే ఉంది.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
నాన్న