చిక్కం విప్పిన రోజు

తమ్ముడూ యోహానూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. రాయదుర్గంలో జీన్సు గుడ్డ వృథా కాకుండా కత్తిరించడానికి నువ్వు రాసి, అందరికీ ఊరికే వదిలిన సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు నీ దగ్గర పని నేర్చుకున్న సల్మా ఒక్కతే చూసుకుంటోంది. ఆమెకు జీతమిమ్మని జీన్సు కుట్టే యూనిట్ల యజమానులను అడిగాను.

"ఊరికే ఇచ్చినదానికి దుడ్లేందన్నా?" అన్నాడొకాయన.

బైబిలు వాక్యం తెరిచి గొంతు పెంచాను. "కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని ఈడ రాసుండాది. గింజలు అందరూ తీసుకోండప్పా, ఎద్దును మాత్రం పస్తు పెట్టొద్దు."

"నన్ను ఎద్దంటావేందన్నా?" అంది పక్కనే ఉన్న సల్మా.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే జీతానికి ఒప్పుకున్నారు.

నీ లైసెన్సు మారలేదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, రాసినవాళ్ల పేరు మాత్రం తీయకూడదు. సల్మా తన పేరును నీ పేరు కింద చేర్చింది. పొద్దున్నే ప్రతి యూనిట్లో తెర వెలగగానే ముందు నువ్వొస్తావు. ఆ తర్వాతే పని మొదలు.

మీ అన్న