చింతపండుతో తోమిన బిళ్ళ

బాపూ,

నువ్వు పోయినంక ఇదే మొదటి దసరా. నువ్వు నలభై ఏండ్లు నడిపిన దొర అమెరికా కారును ఆయన మనుమడు అమ్ముతున్నడు. అది కంపెనీల తయారైన అసలుదేనా, తర్వాత ఎవలన్న మార్చి కట్టిందా అని చూసెటందుకు నిన్న కోరుట్లకు పట్నం నుంచి ఒకాయన అచ్చిండు. డ్రైవరు బిడ్డనని నన్నుగూడ పిలిస్తే దొరోళ్ళ గడికి పోయిన.

ఆయన బానెట్ ఎత్తి లోపలి ఇత్తడి బిళ్ళ మీద లైటు కొట్టిండు. "దీని మీది నంబరుతోనే అసలుదో కాదో తెలుస్తది. ఏదీ నంబరు?" అన్నడు.

ఏటేటా దసరాకు నువ్వు గా బిళ్ళను చింతపండుతో తోమి పసుపు కుంకుమ పెట్టేటోనివి. తోమీ తోమీ అంకెలన్నీ అరిగిపోయినయి.

"మీ బాపే ఖరాబు చేసిండు," అన్నడు దొర మనుమడు.

చిన్నప్పుడు నువ్వు నాకు అంకెలు నేర్పింది గా బిళ్ళ మీదనే గదా. కండ్లు మూసుకొని పదకొండు అంకెలు గడగడ చదివిన. పట్నమాయన రాసుకోనుగూడ లేదు. "నోటిమాట చెల్లదమ్మా, బిళ్ళ మీద కనపడాలి," అన్నడు.

ఇంటికచ్చి మల్ల చదువుకున్న. ఆఖరిది ఆరా, తొమ్మిదా అని అనుమానం పడ్డది. చూద్దామంటే బిళ్ళ మీద లేదు. అడుగుదామంటే నువ్వు లేవు.