నిద్ర పౌడర్

తమ్ముడు ఐలేశ్‌కు,

నిన్న పాశమైలారంలో కంపెనీ గేటు ముందు మీ బావ కుడిచెయ్యి ఇనుప రాడ్డుతో విరగ్గొట్టావు. కిందపడ్డాక ముఖం మీద తన్నావు. రెండు పళ్లు ఊడాయి. "మా అక్కకు విషం పెడ్తవారా?" అని అరిచావట.

నువ్వు విషమనుకున్న ఆ పౌడర్ తెమ్మన్నది నేనే.

ఆయన పనిచేసే ప్లాంటులో మెలటోనిన్ అనే నిద్రమందు డ్రమ్ముల కొద్దీ తయారవుతుంది. నా రొమ్ములో ఉన్న క్యాన్సర్ గడ్డకు రక్తం మోసే నాళాలను అది ఎండగొడుతుందని ఫోన్‌లో విన్నాను. నిద్ర పట్టడం లేదని ఆయనకు అబద్ధం చెప్పి, టిఫిన్ డబ్బాలో తెప్పించుకున్నాను. "చిటికెడే ఏస్కో, జెర పైలం" అన్నాడు. నేను చెంచాడు చెంచాడు మింగాను. ఆయన నన్ను ఆసుపత్రి దగ్గర దింపి డ్యూటీకి పోగానే ఆటో ఎక్కి ఇంటికొచ్చేదాన్ని. కీమో అంటే అంత భయం. అలా రెండు కీమోలు ఎగ్గొట్టాను.

మొన్న నేను పడిపోయినప్పుడు డాక్టరమ్మ ఆయన ముందే తిట్టింది. "అది ఎలుకల మీద సూసిన్రు. మనుషులకు పనిచేస్తదని ఇంకా తేలలే. ఈలోపల నీ గడ్డ పెరిగింది."

అన్నీ తెలిసి కూడా, నా పేరు చెప్పకుండా నీ దెబ్బలు తిన్నాడు.

సోమవారం మళ్లీ కీమో. మొదటిసారి సూది గుచ్చినప్పుడు ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఇప్పుడు దానికి కట్టు కట్టారు. నువ్వు రా. రాడ్డు పట్టిన ఆ చెయ్యి నాకివ్వు. విరిగేదాకా పిసుకుతాను.

నీ అక్క