నీ జాగాలో గంగారాం

తమ్మీ రాజం,

నువ్వు సెలవు మీద ఊరికి పోయి, అక్కడే కన్నుమూసి ఆరు నెలలు కావస్తోంది. ఇక్కడ ఒమాన్‌లో, ఖురియాత్‌లో మన యజమాని అర్బాబు నీ మేస్త్రీ వీసాను ఇంకా రద్దు చేయించలేదు. నీ జాగాలో మన తమ్ముడు గంగారాంకు వీసా ఇప్పించమని నీ భార్య లక్ష్మి రోజూ ఫోన్ చేస్తోంది. వాడికీ గోడల పని వచ్చు కదా.

అర్బాబుతో మాట్లాడే పని ఎప్పుడూ నీదే. పొద్దున ఆయన సైట్‌కు వస్తే, నేను తల వంచుకుని సిమెంటు కలుపుతూ ఉండిపోయాను.

"అడుగరాదే కాకా! ఆయనేమన్న కొరుకుతడా?" అని మన రూమ్ నర్సయ్య నన్ను ముందుకు తోశాడు.

అడిగాను. అర్బాబు కాదనలేదు. అయితే ముందు నీ వీసా రద్దు కావాలట. నన్ను కారులో ఎక్కించుకుని, వీసా కాగితాలు చేసే ఆఫీసుకు తీసుకెళ్లాడు.

"రాజం వాపస్ వస్తాడా?" అని అక్కడి మనిషి హిందీలో అడిగాడు.

ఇన్నాళ్లూ నీ గురించి ఎవరడిగినా "ఊర్లె ఉన్నడు" అనే చెప్పుకొచ్చాను. ఇవాళ గంగారాం కోసం, నా నోటితోనే "రాడు" అన్నాను.

నీ అన్న
మల్లయ్య