బల్బు కింద పెళ్లికొడుకు

బావమరిదికి,

ఆశీస్సులు. నేనూ మీ అక్కా ఆసుపత్రికి క్షేమంగా చేరాం. రేపే నా మోకాలికి ఆపరేషన్. ఆరు వారాలు ఇక్కడే ఉండాలట. మోకాలి సంగతి డాక్టరు చూసుకుంటాడు, నా వానపాముల సంగతి నువ్వు చూసుకో. లైబ్రరీ ఉద్యోగం అయిపోయిన దగ్గర్నుంచి నువ్వు గేటు దాటిన పాపాన పోలేదు కదా, ఇంటిపట్టున ఉండి చేసే పనికి నీకంటే తగినవాడెవడు?

నీ వంటింటి బల్ల మీద పెట్టొచ్చిన చెక్కపెట్టెలో అరవై ఉన్నాయి. మన్ను పిండిన గుడ్డంత తడిగా ఉండాలి. పాత పేపర్లు చించి, తడిపి వెయ్యి. వాడేసిన టీపొడి వెయ్యొచ్చు, నిమ్మతొక్కలు మాత్రం వద్దు. పైన వేలాడదీసిన బల్బు పగలూ రాత్రీ వెలగాలి. చీకటైతే పైకొచ్చి, పెట్టె దాటి, వాటి దారిన అవి పోతాయి. పదకొండేళ్లుగా నన్ను ఏడిపిస్తున్న ఆ పెదవి చిరిగిన ముసలిచేపను పట్టాలంటే ఈ ఎరే దిక్కు.

మంచానికి అతుక్కున్న
నీ బావ

తా.క. మాటిమాటికీ మన్ను తవ్వి చూడకు. అవి సిగ్గరులు.

---

బావగారికి నమస్కారాలు.

ఆపరేషన్ బాగా అయిందని అక్క రాసిన కార్డు అందింది. వానపాములు దివ్యంగా ఉన్నాయి. అరవైకి అరవై. నిన్నా అరవయ్యే, ఇవాళా అరవయ్యే. ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నానంటే, ఏం లేదు, ఊరికే. బల్బు వెలుగుతోంది. ఇప్పుడైతే మరీ వెలుగుతోంది.

పేపరు చించడానికే చేతులు రాలేదు. ముప్పై ఏళ్లు చిరిగిన పేజీలు అతికించిన చేతులాయె! అందుకని చించేముందు ప్రతి ముక్కా పైకి చదివాను. సంపాదకీయం నచ్చినట్టు లేదు, పెట్టెలో ఉలుకూ పలుకూ లేదు.

మీ
బావమరిది

తా.క. మా పక్కింటాయన ఒక మాట అడగమన్నాడు. ఎవరికైనా ఉన్నట్టుండి అరవై వానపాములు కావాల్సొస్తే ఎక్కడ దొరుకుతాయట? ఆయనకి కాస్త తొందరట.

---

బావమరిదికి,

చల్లని కబురు చెప్పావు. ఇక్కడ కిటికీలోంచి చెరువు ముక్కొకటి కనిపిస్తుంది. మధ్యాహ్నం మందు మత్తులో దాన్ని చూస్తూ చూస్తూ నేను మన్ను కిందికి వెళ్లిపోతాను. ఎక్కడో పైన వాన పడుతుంటుంది. చుట్టూ అవన్నీ మెల్లగా, ఏ తొందరా లేకుండా కదులుతుంటాయి. నాకూ మోకాళ్లు ఉండవు, నొప్పీ ఉండదు. ఇంతలో నర్సు వచ్చి నోట్లో థర్మామీటరు పెడుతుంది.

అన్నట్టు, పెళ్లికొడుకు ఎలా ఉన్నాడు? అదేనోయ్, అందరికంటే పొడుగు, నడుం దగ్గర లేతరంగు పట్టీ, ఎడమ మూల ఉంటాడు. వాడి కబురు తెలియకపోతే నాకు అన్నం సయించదు.

మీ పక్కింటాయనకి చెప్పు. తడి గోనెసంచి నేల మీద పరిచి, తెల్లవారుతుండగా ఎత్తి చూడాలి. లేదంటే చెక్కమేకు భూమిలో దిగ్గొట్టి, దాని నెత్తిన ఇనపబద్దతో రుద్దాలి. నేల గుర్రుమంటుంది, అవి పైకొస్తాయి. వంగి ఏరుకోవడమే.

నీ బావ

తా.క. ఆయన నడుం గట్టిదేనా?

---

బావగారికి,

పెళ్లికొడుకు కులాసా. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు. మొన్ననే సంబంధం కూడా కుదిరింది, కుడి మూల పిల్ల. కాస్త పొట్టి, అయినా మంచి మన్నులో పుట్టింది. పుస్తకం తిరగేస్తే వానపాముల్లో ఆడా మగా వేరువేరుగా ఉండవట. పెళ్లికూతురెవరో వాళ్లే తేల్చుకుంటారని ఊరుకున్నాను.

పక్కింటాయన మాత్రం చాలా మారిపోయాడు బావా. తెల్లారీ తెల్లారకముందే గేటు దాటి ఏటి ఒడ్డుకు పోతున్నాడు. మేకు మీద బద్ద రుద్దుతుంటే అరికాళ్లలోంచి నేల పాడుతుందట. మంచులో గడ్డి కదులుతుందట. ఒకటి, రెండు, పది, పేరుపెట్టి పిలిచినట్టు పైకొస్తాయట. ఆయన ఏరుకోవడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోతున్నాడట. ఇన్నేళ్లూ ఆ పుస్తకాల బీరువాల మధ్య ఏం చేశానా అని... అంటే, ఆయన అనుకుంటున్నాడట.

మీ
బావమరిది

తా.క. మీ రబ్బరు బూట్లు ఆయనకిచ్చాను. చక్కగా పట్టాయి. ఆయనకీ నాకూ ఒకటే సైజు.

---

బావమరిదికి,

కర్ర పట్టుకుని నడుస్తున్నాను! పై ఆదివారం వచ్చేస్తున్నాం. సోమవారం పొద్దున్నే ఏటికి. మొదటి గాలానికి పెళ్లికొడుకే. పదకొండేళ్ల పగకు వాడే సరి. నన్ను మంచం మీంచి లేపింది వాడి తలపేనోయ్. వాణ్ణి వేరే గిన్నెలో పెట్టి ఉంచు, రాగానే కళ్లారా చూసుకోవాలి.

నీ బావ

తా.క. కొత్త పెళ్లికూతురికి ఈ సంగతి చెప్పకు.

---

బావా,

మీ కాళ్లు పట్టుకుంటాను. ఆపరేషన్ కాని కాలే పట్టుకుంటాను.

మీరు వెళ్లిన రాత్రే బల్బు ఆర్పేశాను. కావాలని కాదు, గదిలోంచి వస్తూ స్విచ్చి నొక్కడం నా చేతికి అలవాటు. పొద్దున పెట్టెంతా తవ్వాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. పక్కిల్లు రెండేళ్లుగా తాళం వేసి ఉంది. ఆ పక్కింటాయన్ని నేనే.

ఇప్పుడు పెట్టెలో రెండొందల నలభై ఉన్నాయి. అన్నీ నేను ఏరినవి, వాటికి పుట్టినవి. మీది ఒక్కటీ లేదు. నడుముకి పట్టీ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఒకణ్ణి చూపించి వీడే పెళ్లికొడుకని మిమ్మల్ని మోసం చెయ్యలేను. వాడి తలపుతో లేచానని మీరు రాసిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. తిట్టండి, పడతాను. చేపలు పట్టడం మాత్రం మానకండి.

మొహం చెల్లని
మీ బావమరిది

తా.క. ఆ రోజు నుంచి బల్బు ఆర్పలేదు. నాకు నిద్రా లేదు.

---

ఒరేయ్ పిచ్చివాడా,

నేను పెట్టిన పెట్టెలో మన్ను తప్ప ఏమీ లేదు.

ఈ మోకాలు ఇక వంగదని డాక్టరు ముందే చెప్పాడు. వంగకపోతే ఎర ఏరలేను, ఎర లేకపోతే ఏరు లేదు. బయల్దేరే ముందు రోజు అరవైనీ ఒడ్డున వదిలేసి, అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. తిరిగొస్తుంటే మీ గేటు కనబడింది. తుప్పు పట్టి ఉంది. అప్పుడు తట్టింది. ఖాళీపెట్టె తెచ్చి నీ బల్ల మీద పెట్టాను. నా పెళ్లి విందు అవుతుండగానే హాల్లో లైట్లు ఆర్పిన మహానుభావుడివి, ఈ బల్బును వదుల్తావా! ఏరడానికి గేటు దాటకుండా నిజం చెప్పి చేతులు దులుపుకుంటావేమోనని మాత్రం భయపడి చచ్చాను. నువ్వు అబద్ధమాడావు, నేను బతికిపోయాను.

పెళ్లికొడుకనేవాడు లేడురా. వాణ్ణి పుట్టించింది నేను, పెళ్లి చేసింది నువ్వు.

సోమవారం నువ్వు వంగు, నేను గాలం వేస్తాను. బూట్లు నువ్వే ఉంచుకో.

నీ బావ

తా.క. ఇక బల్బు ఆర్పి పడుకో, పోయేవి పోనీ. తెల్లారే లేవాలి.